వంటింట్లో చిన్న ఈగలు, బాత్‌రూమ్ రెక్కల పురుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మామిడిపళ్లు ఇంటికొచ్చిన నాలుగో రోజుకల్లా అవీ వచ్చేస్తాయి. అరటిపండు తొడిమ దగ్గర, గ్లాసు అడుగున మిగిలిన రసం మీద ముసురుతుంటాయి. చెత్తబుట్ట మూత తీస్తే చాలు, ఒక్కసారిగా మొహం మీదికి లేస్తాయి. కాఫీ సగం తాగేసరికి కప్పులో ఒకటి తేలుతూ కనిపిస్తుంది. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటులో ఇన్నేళ్లుగా వీటితో నేను పడ్డ పాట్లు, మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లూ చుట్టాలూ అడిగే ప్రశ్నలు కలిపి ఇది రాస్తున్నాను. దోమల గురించి అవసరమైనంత వరకే చెప్తాను. ఇక్కడ మాట్లాడేది ముఖ్యంగా కుట్టకుండానే విసిగించే వాటి గురించి.

ఇవన్నీ ఒకే రకం ఈగలా?

కాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. దేని మందు దానిదే.

పళ్ల మీద తిరిగేది పండు ఈగ. మూడు మిల్లీమీటర్లుంటుంది, ఆవగింజకు రెక్కలొచ్చినట్టు. లేత గోధుమరంగు ఒళ్లు, దగ్గరగా చూస్తే ఎర్రటి కళ్లు. మెల్లగా గాలిలో తేలుతున్నట్టు తిరుగుతుంది కానీ చప్పట్లు కొడితే మాత్రం చిక్కదు.

బాత్‌రూమ్ టైల్స్ మీద కదలకుండా కూర్చునే బూడిదరంగుది వేరు. రెక్కల నిండా నూగు ఉంటుంది, చూడటానికి బుల్లి సీతాకోకచిలుకలా ఉంటుంది. చెప్పుతో నొక్కితే బూడిద మరక పడుతుంది. డ్రెయిన్ ఫ్లై అంటారు. ఇది కాలవ గొట్టాల్లో పుడుతుంది.

మూడోది పూలకుండీల దగ్గర కనిపిస్తుంది. నల్లగా, సన్నగా, పొడుగు కాళ్లతో దోమపిల్లలా ఉంటుంది. మట్టి మీద పరుగులు పెడుతుంది, సాయంత్రం లాప్‌టాప్ తెర మీదికి వచ్చి వాలుతుంది. దీని పేరు ఫంగస్ నాట్. పండు ఈగ కోసం పెట్టిన వెనిగర్ గ్లాసు దీని మీద పెద్దగా పనిచేయదు. అది తెలియక నేను ఒక నెల వెనిగర్ దండగ చేశాను.

పొలాల దగ్గర, పశువుల పాకల దగ్గర కళ్ల చుట్టూ ముసిరే నుసుములు ఇంకో జాతి. వాటి గోల ఎక్కువగా ఆరుబయటే.

కిటికీలకు మెష్ ఉంది, తలుపులు మూసే ఉంటాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చాలాసార్లు మనమే సంచీలో పెట్టి తెచ్చుకుంటాం. బజార్లో ముగ్గిన పండు మీద అప్పటికే గుడ్లు పెట్టి ఉంటాయి, కంటికి కనపడవు. అరటిపండు తొడిమ దగ్గర, మామిడిపండు చిట్లిన చోట, టమాటా పగులులో వాటికి చోటు దొరుకుతుంది. పైగా వీటి ఒళ్లు ఎంత సన్నమంటే, మామూలు దోమల మెష్ సందుల్లోంచి కూడా దూరి రాగలవు.

కుళ్లిన దాంట్లోంచి పురుగులు వాటంతట అవే పుట్టుకొస్తాయని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడీ అనే వైద్యుడు 1668లోనే ఈ సంగతి తేల్చాడు. మాంసం ముక్కలున్న కొన్ని సీసాలకు పల్చటి గుడ్డ కట్టాడు, కొన్నిటిని వదిలేశాడు. గుడ్డ కట్టిన వాటిలో పురుగు పుట్టలేదు. మా అత్తయ్య ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు నాకు ఆ రెడీ గుర్తొస్తాడు. "మూత ఉంది కదా అత్తయ్యా, మళ్లీ గుడ్డెందుకు?" అని పెళ్లయిన కొత్తలో అడిగాను. "మూతకి సందుంటుందమ్మా, గుడ్డకి ఉండదు" అంది.

వెనిగర్ ట్రాప్ ఎలా పెట్టాలి?

ఇంట్లో చేసే వాటిలో నిజంగా పనిచేసేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

గాజు గ్లాసు తీసుకోండి. అడుగున రెండు వేళ్ల ఎత్తు వెనిగర్ పోయండి. ఆపిల్ సైడర్ వెనిగర్ అయితే బాగా లాగుతుంది. నూడుల్స్‌లో వేసే తెల్ల వెనిగర్‌కు ఆ పండు వాసన ఉండదు, అందుకని దాంట్లో చెంచా పంచదార, చిదిమిన అరటిపండు ముక్క వేయండి. తర్వాత అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటే, ఎక్కువైతే సబ్బు వాసన పండు వాసనను కప్పేస్తుంది. నురగ రాకుండా మెల్లగా కలపండి.

ఆ చుక్క ఎందుకంటే, ఈగ చాలా తేలిక. మామూలు నీటి మీద, వెనిగర్ మీద అది మునగకుండా నిలబడగలదు, తాగి ఎగిరిపోగలదు. సబ్బు పడితే నీటి పైపొర బిగువు పోతుంది, కాలు పెట్టగానే లోపలికి జారిపోతుంది. నేను ఒకసారి పక్కపక్కనే రెండు గ్లాసులు పెట్టి చూశాను. సబ్బు లేని గ్లాసు అంచు మీద ఈగలు వరసగా కూర్చుని, దిగి, మీసాలు తుడుచుకున్నట్టు ముందుకాళ్లు రుద్దుకుని మళ్లీ పైకి ఎక్కాయి. సబ్బు వేసిన దాంట్లో దిగింది దిగినట్టే పోయింది. తెల్లారేసరికి అడుగున నువ్వులు చల్లినట్టు ఉన్నాయి.

గ్లాసును తెరిచి వదిలేయొచ్చు. లేదంటే పాత క్యాలెండర్ కాగితాన్ని గరాటులా చుట్టి, సన్నని మొన కిందికి ఉండేలా గ్లాసులో దించండి. మొన వెనిగర్‌కు తగలకూడదు. లోపలికి వెళ్లిన ఈగకు బయటికొచ్చే దారి తెలియదు. ప్లాస్టిక్ కవరు బిగించి పుల్లతో నాలుగు చిల్లులు పెట్టినా సరే. రెండు మూడు రోజులకోసారి మార్చండి. మార్చకపోతే ఆ పారబోసే నీళ్ల వాసనతో మీకే కడుపులో తిప్పుతుంది.

వెనిగర్ ఇంట్లో లేదు. ఇంకేం పెట్టొచ్చు?

వీటికి కావలసింది పులుపు కాదు, పులిసిన వాసన. కుళ్లుతున్న పండులో పెరిగే ఈస్ట్‌ను తిని వాటి పిల్లలు బతుకుతాయి, అందుకే ఆ వాసన ఎక్కడుంటే అక్కడికి పోతాయి. తాటిచెట్టుకు కట్టిన కల్లు లొట్టి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ముగ్గిపోయిన అరటిపండు తొక్కతో సహా చిదిమి గ్లాసులో వేసి పైన కాగితపు గరాటు పెట్టండి. బెల్లం నీళ్లలో చిటికెడు బేకరీ ఈస్ట్ వేసి ఒక పూట వదిలేసినా బాగా పనిచేస్తుంది. మామిడి టెంక కూడా. బీరో, వైనో మిగిలితే అవీ పనికొస్తాయి, మిగిలితే. కానీ అరటిపండు పెట్టిన గ్లాసును మూడు రోజులకు మించి ఉంచకండి, ట్రాపే వాటికి పురిటిల్లు అయిపోతుంది.

నిమ్మరసం, చింతపండు నీళ్లు పెట్టి చూశానని ఒకావిడ అన్నారు. పులుపే తప్ప పులిసిన వాసన లేదు కాబట్టి లాభం లేదు.

ట్రాప్‌లో రోజూ పడుతున్నాయి, అయినా తగ్గడం లేదు. ఎందుకు?

పుట్టే చోటు అలాగే ఉండిపోయింది కాబట్టి. ట్రాప్ పట్టేది ఎగిరే వాటినే. ఒక ఆడ ఈగ తన జన్మలో నాలుగు వందల దాకా గుడ్లు పెట్టగలదు. గది వేడి 25 డిగ్రీలుంటే గుడ్డు నుంచి రెక్కల ఈగ రావడానికి పది రోజులు చాలు. మీరు గ్లాసులో ఇరవై పట్టేలోపు ఎక్కడో చీకట్లో రెండొందలు తయారవుతుంటాయి.

మా ఇంట్లో ఒకసారి మూడు వారాలు ఇదే బాధ. పళ్లన్నీ ఫ్రిజ్‌లో పెట్టాం, చెత్తబుట్ట రోజూ కడిగాం, రెండు ట్రాప్‌లు పెట్టాం. ఈగలు మాత్రం తగ్గలేదు. టెన్షన్‌తో వంటింట్లోకి అడుగు పెట్టాలంటేనే చిరాకు. ఒక ఆదివారం ఉల్లిపాయల బుట్ట మొత్తం పేపరు మీద బోర్లించాను. అడుగున ఒక బంగాళాదుంప. పైకి బాగానే ఉంది, పట్టుకోగానే వేళ్లు లోపలికి దిగిపోయాయి. బుట్ట అల్లికలో తడి, ఆ తడిలో బియ్యపు నూకల్లాంటి తెల్ల పురుగులు కదులుతున్నాయి, అల్లిక పక్కన గోధుమరంగు గూళ్లు గింజల్లా అంటుకుని ఉన్నాయి. ఆ వాసన చేతికి రెండు రోజులు పోలేదు. దుంపను కవరులో కట్టి కిందికి పంపించి, బుట్టను వేడినీళ్లతో కడిగి ఎండలో పెట్టాను. ట్రాప్‌లు అలాగే ఉంచాను. పదో రోజుకు గ్లాసు ఖాళీ.

అప్పటి నుంచి నాది ఒకటే పద్ధతి. ముందు పుట్టిల్లు వెతకడం, తర్వాత ట్రాప్ పెట్టడం.

ఆ పుట్టిల్లు ఎక్కడెక్కడ వెతకాలి?

పళ్ల బుట్టను అందరూ చూస్తారు, మిగతావి చూడరు. ఉల్లి, బంగాళాదుంపల బుట్ట అడుగు. చెత్తబుట్టలో వేసిన కవరుకూ బుట్టకూ మధ్య కారిన తడి. సింకు జాలీ కింద చిక్కుకున్న మెతుకులు. అంట్లు తోమే పీచు, తడిగా ముద్దచేసి గట్టు మీద పడేసిన మసిగుడ్డ. తుడిచే మాప్ నానుతున్న బకెట్. ఫ్రిజ్ వెనక కింద నీళ్లు పడే ట్రే. ఆ ట్రే ఒకటి ఉంటుందనే చాలామందికి తెలియదు. పాత పేపర్లవాడికి వేద్దామని బాల్కనీలో దాచిన జ్యూస్ సీసాలు, డబ్బాలు. పిల్లల స్కూలు బ్యాగు పక్క జేబు కూడా చూడండి, అందులో నల్లబడిన అరటిపండు దొరికిన సందర్భాలు మా ఇంట్లోనే రెండు.

దోసెల పిండి పులియడానికి బయట పెట్టినప్పుడు గిన్నె అంచుకు కారిన పిండి కూడా వాటికి పండగే. గిన్నెకు పల్చటి గుడ్డ కట్టేయండి.

పళ్లను ఎలా దాచాలి?

తేగానే కడగండి, తడి తుడవండి. అరటిపళ్ల తొడిమలు కూడా కడగాలి. ముగ్గినవి ఫ్రిజ్‌లోకి. ఆ చలికి గుడ్లు ఎదగవు. అరటిపళ్ల తొక్క ఫ్రిజ్‌లో నల్లబడుతుంది కానీ లోపల బాగానే ఉంటుంది. మామిడిపళ్లు గడ్డిలో మాగేసేవాళ్లు రోజుకోసారి చేత్తో తడిమి, మెత్తబడ్డవి ముందు తీసేయాలి. ఒక్క కాయ కుళ్లితే బుట్టంతా పోతుంది.

తడిచెత్త రోజూ బయటికి పోవాలి. మున్సిపాలిటీ బండి రాని రోజున మామిడి తొక్కల్ని కవరులో మూటగట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పడేస్తాను. ఇంట్లో వాళ్లు నవ్వారు, ఇప్పుడు వాళ్లే పెడుతున్నారు.

మామిడిపండు కోస్తే లోపల తెల్ల పురుగులు. అవీ ఈ ఈగలవేనా?

కాదు. తోటలో తిరిగే పండు ఈగ వేరే జాతి, ఇంటి ఈగంత ఉంటుంది. కాయ చెట్టు మీద ఉండగానే తొక్కకు సన్నటి చిల్లు పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. అందుకే బయటికి పండు బంగారంలా ఉండి లోపల పురుగులుంటాయి. దానికి ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, పండు పారేయడమే. తోటల్లో మగ ఈగలను లాగే మిథైల్ యూజినాల్ అనే మందు పెట్టిన ఎరబుట్టలు కడతారు. ఎగుమతి పళ్లనైతే 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. ఇంట్లో అది ప్రయత్నించకండి, రెండు డిగ్రీలు ఎక్కువైతే పండు ఉడుకుతుంది.

పొద్దున్న కనపడవు, సాయంత్రం గుంపులు గుంపులుగా ఉంటాయి. ఎందుకలా?

పండు ఈగలు తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు చురుగ్గా ఉంటాయి, మిట్టమధ్యాహ్నం కునుకు తీస్తాయి. ఆ నిద్రామెలకువల గడియారం ఒంట్లో ఎలా నడుస్తుందో ఈ ఈగల్లోనే కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందు 1933లో థామస్ హంట్ మోర్గాన్‌కు నోబెల్ తెచ్చిపెట్టింది కూడా ఈ ఈగే. మన దేశంలో ఒబైద్ సిద్దిఖీ ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌లో వీటి వాసన శక్తి మీదే పనిచేశారు. మనం చెప్పుతో కొట్టేదానికి ఇంత చరిత్ర ఉంది.

పనికొచ్చే మాట ఏంటంటే, ట్రాప్ మధ్యాహ్నం మూడింటికి సిద్ధంగా పెట్టండి, సాయంత్రం వేటకు అందుతుంది.

బాత్‌రూమ్ గోడ మీది బూడిదరంగు పురుగులకు ఏం చేయాలి?

ముందు ఏ కాలవ నుంచి వస్తున్నాయో తేల్చండి. రాత్రి పడుకునే ముందు జాలీ పొడిగా తుడిచి, దాని మీద పారదర్శక టేపును జిగురు వైపు కిందికి ఉండేలా అడ్డంగా అతికించండి. గాలి ఆడటానికి పక్కన కొంచెం వదలండి. పొద్దున్నే టేపు కింద పురుగులు అతుక్కుని ఉంటే అదే చోటు. సింకు, వాష్‌బేసిన్, నేల జాలీ అన్నిటికీ ఇలా చూడాలి. ఒక రాత్రితో తేలకపోతే మూడు నాలుగు రాత్రులు చూడండి.

వీటి పిల్లలు నీళ్లలో కాదు, గొట్టం లోపలి గోడలకు పట్టిన జిగురు పాకుడులో ఉంటాయి. వెంట్రుకలు, సబ్బు జిడ్డు, కొవ్వు కలిసి నల్లగా పేరుకునే ఆ పొరే వాటి ఇల్లు, అదే తిండి. అందుకే పైనుంచి ఏది పోసినా పొర మీద నుంచి జారిపోతుంది, లోపల ఉన్నవి హాయిగా ఉంటాయి. కాబట్టి బ్రష్ తప్పదు. జాలీ ఊడదీసి, ప్లంబర్లు నహానీ ట్రాప్ అనే ఆ గిన్నెలాంటి భాగాన్ని బయటికి తీసి, పొడుగాటి సీసా బ్రష్‌తో లోపలి గోడలు తోమండి. తర్వాత బకెట్ వేడినీళ్లు. సలసల కాగేవి వద్దు, పీవీసీ గొట్టాల అతుకులు వదులవుతాయి. వారం రోజుల పాటు రోజు విడిచి రోజు చేస్తే చాలు.

వాడని బాత్‌రూమ్‌లో ఈగలు, బొద్దింకలు, వాసన వస్తున్నాయంటే నహానీ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయాయని అర్థం. ఆ నీళ్లే కింది నుంచి వచ్చేవాటికి అడ్డు. వారానికోసారి రెండు చెంబులు పోయండి.

బేకింగ్ సోడా, వెనిగర్ పోస్తే డ్రెయిన్ శుభ్రమవుతుందట కదా?

బుసబుసమని పొంగడం చూడటానికి బాగుంటుంది. కానీ ఆ రెండూ కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుని చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. వదులుగా ఉన్న మురికి కొంచెం కదులుతుందేమో, పాకుడు పొర ఊడదు. బ్రష్ వేశాక పోస్తే అభ్యంతరం లేదు, బ్రష్ బదులు మాత్రం కాదు.

మరి బ్లీచింగ్ పౌడర్, టాయిలెట్ యాసిడ్ కలిపి పోస్తే?

వద్దు. ఈ పేజీలో మిగతాదేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. బ్లీచ్‌తో యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. వెనిగర్ కూడా యాసిడే, నిమ్మరసం కూడా. మూసి ఉన్న బాత్‌రూమ్‌లో ఆ గ్యాస్ పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పొద్దున ఒకటి పోసి, సరిగ్గా కడగకుండా సాయంత్రం రెండోది పోసినా ప్రమాదమే. పనిమనిషికి కూడా ఈ మాట చెప్పండి, రెండు సీసాలూ పక్కపక్కన పెట్టకండి.

కుండీల్లో నల్ల ఈగలు వచ్చాయి. మొక్క పారేయాలా?

అక్కర్లేదు. మట్టి ఎప్పుడూ తడిగా ఉండటమే కారణం. పైన రెండంగుళాల మట్టిలో పెరిగే బూజును, కుళ్లిన ఆకుల్ని, లేత వేళ్లను వీటి పిల్లలు తింటాయి. మన ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది. బియ్యం కడిగిన నీళ్లు, టీ పిప్పి, పప్పు కడిగిన నీళ్లు అన్నీ కుండీలోకే. ఆరుబయట నేలలో ఉన్న చెట్టుకు అది మేలే, బాల్కనీలో చిన్న కుండీకి మాత్రం పులుపు పట్టి ఈగలొస్తాయి.

నీళ్లు తగ్గించండి. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే పోయండి. మట్టి పైన అంగుళం మందాన పొడి ఇసుక వేస్తే గుడ్లు పెట్టడానికి చోటుండదు. రైతులు వాడే పసుపురంగు జిగురు అట్టలు విత్తనాల షాపుల్లో దొరుకుతాయి, చిన్న ముక్క కత్తిరించి పుల్లకు గుచ్చి కుండీలో పెట్టండి. ఇంట్లోనే చేయాలంటే పసుపు అట్టముక్కకు ఆముదం పూసినా పడతాయి, కాకపోతే దుమ్ము పట్టి తొందరగా పనికిరాకుండా పోతుంది. వేపపిండి గుప్పెడు మట్టిలో కలపడం కూడా మంచిదే.

అమెరికాలో, యూకేలో ఉన్న మన వాళ్లు ఈ ఈగల గురించే ఎక్కువగా అడుగుతారు. చలికాలం రాగానే కరివేపాకు కుండీని ప్రాణంలా ఇంట్లోకి తెచ్చుకుంటారు, వేసవిలో పోసినట్టే నీళ్లు పోస్తారు. చలిలో మొక్క పెద్దగా నీళ్లు తాగదు, మట్టి ఆరదు. నవంబర్ నుంచి నీళ్లు సగానికి తగ్గించండి. అమెరికాలో బీటీఐ అనే బ్యాక్టీరియా మందు బిళ్లలు తేలిగ్గా దొరుకుతాయి, నీళ్లలో నానబెట్టి పోస్తే పిల్లపురుగులు చస్తాయి, ఆకు తినేవాళ్లకు హాని లేదు.

వేపాకు పొగ, సాంబ్రాణి, కర్పూరం, లవంగాలు గుచ్చిన నిమ్మచెక్క, నీళ్ల కవరు... వీటిలో ఏది పనిచేస్తుంది?

పొగ ఉన్నంతసేపు ఎగిరేవి పక్కగదికి పోతాయి, పొగ తగ్గగానే తిరిగొస్తాయి. పుట్టే చోటు మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో మూసిన గదిలో ఏ పొగా మంచిది కాదు, అది వేపాకుదైనా సరే. ఒక్క దోమల కాయిల్ పొగలో ఉండే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధన లెక్కగట్టింది.

కర్పూరం వాసనకు కొంచెం దూరం పోతాయి. బిళ్లలు పిల్లలకు అందేలా మాత్రం పెట్టొద్దు, మింగితే ఫిట్స్ వస్తాయి. నాఫ్తలీన్ గోళీలు వంటింట్లో అసలే వద్దు. పిల్లి ఉన్న ఇంట్లో యూకలిప్టస్, లవంగం, టీ ట్రీ నూనెలు చల్లకండి, పిల్లులకు విషం.

లవంగాలు గుచ్చిన నిమ్మచెక్క నేను బుద్ధిగా వారం రోజులు పెట్టి చూశాను. వంటిల్లు వాసన బాగుంది. ఆఖరి రోజున ఎండుతున్న నిమ్మచెక్క మీదే రెండు ఈగలు కూర్చున్నాయి.

ఇక టిఫిన్ సెంటర్ల గుమ్మానికి వేలాడదీసే నీళ్ల కవరు. లోపల రూపాయి బిళ్ల కూడా వేస్తారు. ఆ కవరు మీదే ఈగ వాలి ఉండగా నా కళ్లతో చూశాను, ఇక మీ ఇష్టం.

ఎగురుతున్న వాటిని వెంటనే చంపాలంటే?

స్ప్రే సీసాలో లీటరు నీళ్లకు రెండు చెంచాల అంట్ల లిక్విడ్ కలిపి కొట్టండి. రెక్కలు తడిసి, ఊపిరి రంధ్రాలు మూసుకుపోయి పడిపోతాయి. శానిటైజర్ కూడా పడగొడుతుంది, కానీ స్టవ్ దగ్గర, దీపం దగ్గర కొడితే మంటలే. వాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం చూపించి లాగేయండి, అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి అది.

బియ్యం డబ్బాలోంచి బూడిదరంగు రెక్కల పురుగులు ఎగురుతున్నాయి. అవి?

అవి ధాన్యం చిలకలు. బియ్యంలో, రవ్వలో సాలెగూడులాంటి ఉండలు కనిపిస్తే వాటి పురుగుల పనే. గ్లాసు ట్రాప్‌తో పోవు. ఉండలు కట్టిన సరుకు పారేయండి, మిగతాది ఎండలో పల్చగా పోసి జల్లించండి, కొద్దిగా ఉంటే నాలుగు రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. డబ్బా మూత మర వరసల్లో గూళ్లుంటాయి, పాత టూత్‌బ్రష్‌తో గీకాలి. వేపాకు, ఎండుమిర్చి కొత్త పురుగు రాకుండా కొంత ఆపుతాయేమో కానీ ఉన్నదాన్ని పంపించవు.

వానలు మొదలవగానే లైటు కింద ఉసిళ్లు, దీపావళి ముందు పచ్చపురుగులు. వీటికేం మందు?

మందేం వద్దు, లైటు ఆర్పండి. ఉసిళ్లు చెదపురుగులే, తొలి వానలకు రెక్కలతో లేస్తాయి, ఆ రాత్రికే రెక్కలు రాలిపోతాయి. వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి దీపం కింద పెడితే దాంట్లో పడతాయి. పల్లెల్లో అలా పట్టి వేయించుకుని తినేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బయటి నుంచి కాకుండా ఇంట్లో గోడ పగుళ్లలోంచే, తలుపు చట్రంలోంచే ఉసిళ్లు వస్తుంటే మాత్రం లోపల చెద ఉందన్నమాట, అప్పుడు చెదల మందు కొట్టేవాళ్లను పిలవాలి.

దీపావళి ముందు వచ్చే ఆ పచ్చటి బుల్లి పురుగులు వరిచేలవి. కోతల ముందు ఊరి చుట్టూ పొలాలుంటే తప్పదు. తెల్ల ట్యూబుకు బదులు పసుపు ఎల్‌ఈడీ బల్బు పెడితే తక్కువ వస్తాయి.

అన్నంలో, జ్యూస్‌లో ఈగ పడితే పారబోయాలా? రోగాలొస్తాయా?

ఒక పండు ఈగ పొరపాటున కడుపులోకి పోతే ఏమీ కాదు. కాకపోతే చెత్తబుట్ట మీదా, మన పళ్లెం మీదా ఒకే కాళ్లతో వాలుతుంది, సూక్ష్మక్రిములు మోస్తుంది. కాబట్టి కోసిన పళ్ల మీద మూత పెట్టండి. డ్రెయిన్ ఫ్లై కూడా కుట్టదు.

దాని చుట్టం ఇంకొకటి ఉంది, ఇసుక ఈగ అంటారు, అది కుడుతుంది. మట్టిగోడల పగుళ్లలో, పశువుల పాకల్లో ఉంటుంది. రెక్కలు ఇంగ్లిష్ వి అక్షరంలా పైకెత్తి కూర్చుంటుంది. డ్రెయిన్ ఫ్లై రెక్కలు ఇంటి కప్పులా వాల్చుకుంటుంది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక ఈగల వల్ల వ్యాపించే చండీపుర వైరస్ మెదడువాపు 329 మంది పిల్లలకు సోకితే 183 మంది చనిపోయారు. మట్టి ఇళ్లున్న చోట గోడల పగుళ్లు పూడ్చడం, పేడకుప్ప ఇంటికి దూరంగా ఉంచడం అందుకే. పిల్లలకు హఠాత్తుగా జ్వరం, ఫిట్స్ వస్తే ఇంటి వైద్యాలతో కూర్చోకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఈ ట్రాప్‌లో దోమలు కూడా పడతాయా?

పడవు. కుట్టే ఆడదోమ మన ఊపిరి, చెమట వాసన పట్టుకుని వస్తుంది, వెనిగర్ దానికి లెక్కలేదు. దోమలకు పుట్టిల్లు నిలవ నీళ్లు. డెంగీ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్తలు చెప్పేది ఈ లెక్కమీదే. వారానికోసారి కూలర్, తొట్లు, కుండీల కింది పళ్లేలు ఎండబెడితే పిల్లలు దోమలు కాకముందే పోతాయి. సొంత ఇల్లున్నవాళ్లు సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టం పైన నైలాన్ వల కట్టండి. పది రూపాయల గుడ్డముక్క, వీధి మొత్తానికి ఉపయోగం.

మొత్తం పోవడానికి ఎన్ని రోజులు పడుతుంది?

పుట్టే చోటు దొరికి తీసేస్తే పండు ఈగలకు పది పన్నెండు రోజులు, డ్రెయిన్ ఫ్లైలకు మూడు వారాలు, కుండీ ఈగలకు నెల. మొదటి వారంలో ఏమీ తగ్గినట్టు కనిపించదు, అప్పటికే గూళ్లలో ఉన్నవి బయటికొస్తుంటాయి. చాలామంది సరిగ్గా ఆ వారంలోనే విసిగి మానేస్తారు.

పది రోజులు ఊరెళ్తున్నాం. తిరిగొచ్చేసరికి ఇల్లంతా ఈగలు కాకుండా ఏం చేయాలి?

బయలుదేరే రోజు పొద్దున్న పళ్లు, కూరగాయలు పక్కింటివాళ్లకు ఇచ్చేయండి. చెత్తబుట్ట కడిగి బోర్లించండి. పీచు, మసిగుడ్డ ఎండలో వేయండి. నేల జాలీల్లో చెంబెడు నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేయండి. నూనె తెట్టు వల్ల నీళ్లు తొందరగా ఆవిరి కావు. ఫ్రిజ్ ఆపేసి వెళ్తుంటే ఖాళీ చేసి, తుడిచి, తలుపు తెరిచి ఉంచండి, వెనక ట్రే కూడా ఒంపేయండి. ఆటో కింద హారన్ కొడుతున్నా సరే, ఉల్లిపాయల బుట్ట అడుగు దాకా చెయ్యి పెట్టి ఒకసారి తడిమి వెళ్లండి.